గంజితో అంటించిన పేర్లు

ఆండాళుకు అన్నిటికంటే ఎక్కువ భయం ఒక్కటే. ఏదో ఒక రోజు లాడ్లీ బేగం ఆ క్యాసెట్టు పెట్టించుకుని వింటుంది. మీట నొక్కుతారు, చక్రాలు తిరుగుతాయి, పోయిన భర్త గొంతు కోసం ఆమె చెవి ఒగ్గి కూర్చుంటుంది. గొంతు రాదు. సినిమా పాట వస్తుంది.

ఆండాళు మామూలుగానే భయస్తురాలు. ఎనిమిది నెలల యాదలక్ష్మి నిద్రపోతే ఊపిరి ఆడుతున్నదా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే మనిషి. పాముకు భయం, జ్వరానికి భయం, బావి గట్టుకు భయం. కానీ ఆ సంవత్సరం, అంటే తొంభై రెండు ఎండాకాలం చివర్లో, ఆ భయాలన్నీ ఎటో పోయి ఇదొక్కటే మిగిలింది. ఇది గుండె దడదడలాడే భయం కాదు. చాలాసేపు గంజిలో నానిన చేతిలాంటిది. చెయ్యి ఉన్నట్టు తెలుస్తుంది, గిల్లితే నొప్పి తెలియదు.

వాళ్ళది నల్గొండ పక్కన పానగల్లు. ఆమె భర్త సిద్దయ్య తాతల నాటి నుంచి మగ్గం నేసిన ఇంటివాడు. నేత మీద పూట గడవక ఏడాది కింద మగ్గం అమ్మేశాడు. ఆ డబ్బుతో రెండు క్యాసెట్లు పట్టే రికార్డింగు మిషన్ కొని, నల్గొండలో గడియారం స్తంభం దగ్గర చిన్న డబ్బా కొట్టు కిరాయికి తీసుకున్నాడు. జనం తమకు కావలసిన పాటల జాబితా తెచ్చిస్తారు. అతను ఆ పాటలన్నీ ఒక్క క్యాసెట్టులోకి ఎక్కించి ఇస్తాడు. మగ్గం గుంటను మట్టితో పూడ్చేశారు. ఇప్పుడు ఆ చోటే ఆండాళు కూర్చుని పనిచేసే జాగా.

ఆమె పని పేర్లు రాయడం. ఏడో తరగతిలో ఉండగా తల్లి మంచం పట్టడంతో చదువు ఆగిపోయింది గానీ, ఆగిపోయేదాకా బడిలో బోర్డు మీద రాసే పిల్ల ఆండాళే. గుండ్రటి అక్షరాలు.

"పాటలు నేనెక్కిస్త, పేర్లు నువ్వు రాయి. నా రాత డాక్టరు చీటీ తీరుగుంటది, మెడికల్ షాపోడు తప్ప ఎవ్వడు సదవడు" అన్నాడు సిద్దయ్య దుకాణం తెరిచిన రోజున.

సాయంత్రం అతను సైకిల్ హ్యాండిలుకు సంచి తగిలించుకుని వస్తాడు. సంచిలో క్యాసెట్లు. ఒక్కొక్కదానికి రబ్బరు బ్యాండు, దాని కింద ఒక చీటీ. చీటీలో ఎవరిదో, ఏం చెయ్యాలో ఉంటుంది. కొన్ని కొత్తవి. కొన్ని పాతవే, "గీ పాత పాటలు తీసేసి కొత్తవి ఎక్కియ్యి" అని జనం తెచ్చిచ్చినవి. పాతవాటి మీదున్న కాగితాన్ని తడిబట్టతో నానబెట్టి గీకెయ్యడం, కొత్త కాగితం మీద పేరు రాసి అంటించడం, చీటీ పొయ్యిలో వెయ్యడం ఆండాళు వంతు. మర్నాడు సిద్దయ్య ఆమె అంటించిన పేరు చూసి దాని ప్రకారం ఎక్కిస్తాడు. ఒక్కొక్కటీ వినుకుంటూ కూర్చుంటే దినానికి రెండు కూడా కావు.

అంటించడానికి గమ్ తెమ్మని ఆండాళు రెండుసార్లు అడిగింది.

"ఇంట్ల గంజి ఉండంగ గమ్ ఎందుకే? గంజితోని మన తాతల సంది చీరెలే నిలవడ్డయి, గింత కాగితం ముక్క నిలవడదా?" అన్నాడు సిద్దయ్య.

నిలబడలేదు. గంజి నూలును పట్టుకున్నట్టు ప్లాస్టిక్కును పట్టుకోదు. ఎండకు ఎండిందంటే పొరలా లేస్తుంది.

లాడ్లీ బేగం వాళ్ళకు రెండు వీధుల అవతల ఉంటుంది. గాజులమ్ముతుంది. ఆమె భర్త అహ్మద్ అలీ పెళ్ళిళ్ళకు మైకుసెట్లు కిరాయికిచ్చేవాడు. "పెండ్లికొడుకు తరఫు చుట్టాలు భోజనాలకు లేవాలె" అని చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో వినిపించిన గొంతు అతనిది. కిందటి ఏడు ఎవరి పెళ్ళిలోనో స్తంభానికి లౌడ్‌స్పీకరు కడుతూ కడుతూ గుండె పట్టుకుని కూలబడి, అక్కడే ప్రాణం విడిచాడు. పిల్లల్లేరు. మైకుసెట్టు అమ్ముడైపోయింది. బేగం మళ్ళీ గాజుల బుట్ట ఎత్తుకుంది.

గాజుల కోసం కాకపోయినా ఆమె ఆండాళు ఇంటికి వచ్చేది, యాదలక్ష్మి కోసం. ఆ పిల్ల ఏడుపు పట్టిందంటే తల్లి చంకలో ఆగదు, బేగం చంకలో ఆగుతుంది. "నీ చేతుల భయం ఉన్నది బేటీ, పోరికి తెలుస్తది" అనేది బేగం నవ్వుతూ. ఆండాళుకు కోపం రాకపోయేది. నిజమే కదా అనుకునేది.

ఎండలు ముదిరిన ఒక పొద్దున బేగం గాజుల బుట్ట అడుగు నుంచి ఒక క్యాసెట్టు తీసి ఇచ్చింది.

"మీ ఆయన బాగు చేస్తడట గద బిడ్డా. జర చూడమను. పక్కింటోళ్ల టేపు నమిలేసింది."

"ఏం పాటలున్నయి బేగమమ్మా?"

"పాటలా! మా ఆయన పాడితె కుక్కలు ఉరికేటియి. మాటలే. కొత్త మైకు తెచ్చిన దినం మంచిగున్నదా లేదా అని గంటసేపు దాంట్ల ముచ్చట పెట్టిండు." ఆమె క్యాసెట్టును కొంగుతో తుడిచింది. "వచ్చే నెల బర్సీ. పోయి ఏడాది నిండుతది. అప్పుడు పెట్టించుకొని వింట. రోజు వింటె అరిగిపోతడని దాసిపెట్టిన."

దాని మీద పచ్చ సిరాతో ఉర్దూ అక్షరాలు ఉన్నాయి.

"ఇదేం రాసున్నది?"

"ఎవరికెరుక? ఆయన రాసిండు. నాకు సదువొస్తె గాజులెందుకమ్ముత" అని నవ్వి, పిల్లను ఒకసారి ఎత్తుకుని దింపి వెళ్ళిపోయింది.

సిద్దయ్య దుకాణంలో దాన్ని విప్పి, ముడతలు పడ్డ టేపును సాపు చేసి మళ్ళీ బిగించాడు. సాయంత్రం మిగతా నాలుగింటితో పాటు సంచిలో వేసుకొచ్చాడు. ఆండాళు అలవాటు కొద్దీ పాతవాటన్నిటి మీదా తడిబట్ట వేసింది. నానిన కాగితాలు గీకేసింది. పచ్చ సిరా వేలికి అంటుకుంది. కడుక్కుంది. కాగితం తుక్కు నీళ్ళతో పాటు మోరీలో పోయింది. అయిదు పేర్లు రాసి గంజితో అంటించి, కిటికీలో ఆరబెట్టి, చీటీలు పొయ్యిలో వేసింది.

మర్నాడు పొద్దున చూస్తే అయిదు కాగితాలూ ఊడి కిటికీ కింద పడున్నాయి. క్యాసెట్లు అయిదూ కిటికీలో ఉన్నాయి. ఆ ఏడు నల్గొండలో ఎవరి చేతిలో చూసినా ఒకే రకం, నల్లవి.

అప్పుడే సిద్దయ్య బయట సైకిలుకు గాలి కొడుతున్నాడు. ఒక్క మాట చెబితే దుకాణానికి తీసుకుపోయి పెట్టి వినేవాడు. ఆండాళు చెప్పలేదు. అంతకు నెల కింద ఒక పెళ్ళివారి క్యాసెట్టు మీద పేరు తప్పు పడితే, సిద్దయ్య ఎండలో తొమ్మిది మైళ్ళు తొక్కుకుంటూ పోయి మార్చుకొచ్చాడు. వచ్చి కోప్పడలేదు. చెంబెడు నీళ్ళు తాగి, "నీది ఏడో తరగతే గదా, మర్చేపోయిన" అని నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు గుర్తుంది.

మూడు క్యాసెట్లను పోల్చుకుంది. రెండు కొత్తవి, మూడోదాని మూల విరిగి ఉంది. మిగిలినవి రెండు. ఒకటి అహ్మద్ అలీది. ఇంకొకటి గడియారం దగ్గరి చాయ్ హోటలు సోమన్నది. పాత పాటలు విసుగొచ్చాయని, తీసేసి కొత్తవి ఎక్కించమని ఇచ్చాడు. ఆండాళు రెంటినీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఒకటి బీడీ కంపు కొట్టింది. ఇంకొకటి కమ్మగా ధూపం వాసన వేసింది. హోటల్లో తాగేది బీడీలే కదా. బేగం ఇంట్లో గురువారం గురువారం ఊదు వేస్తారు కదా. అనుమానం తీరిపోయింది. ధూపం వాసన వేసినదాని మీద "అహ్మద్ అలీ" అని అంటించింది. బీడీ వాసనదాని మీద "సోమన్న హోటల్, కొత్త పాటలు" అని అంటించింది.

అహ్మద్ అలీ దినానికి రెండు కట్టల బీడీలు తాగేవాడని ఆమెకు తెలియదు. సోమన్న తన టేపు రికార్డరు పక్కనే దేవుని పటం పెట్టుకుని పొద్దూ మాపూ అగరుబత్తీలు ముట్టిస్తాడనీ తెలియదు. ఆడవాళ్ళు ఆ హోటల్లోకి పోరు.

సిద్దయ్య పేరు చదివి, బీడీ వాసన క్యాసెట్టు మీద కొత్త పాటలు ఎక్కించాడు. ధూపం వాసనది బేగానికి పంపాడు. ఆమె దాన్ని పెట్టెలో బట్టల కింద పెట్టుకుంది.

రెండు వారాలు ఏమీ జరగలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం సిద్దయ్య అన్నం తింటూ తనలో తనే నవ్వుకున్నాడు.

"సోమన్న హోటల్ల ఒకటే తమాష అయితాంది. పాటలన్ని ఒడిశినంక ఆఖరికి ఎవడో 'చాయ్ తీస్కరా' అంటడట. ఇగ అందరు, ఓ సోమన్నా, టేపులున్నాయన అడగవట్టి రెండు దినాలాయె, ఆయనకు చాయ్ ఇయ్యరాదె అని ఒకటే నవ్వుడు."

ఆండాళు చేతిలో పప్పు గరిటె ఉంది.

"ఎవరి పేరన్న పిలిచిండా?"

"ఏమో. లాడ్లీ అన్నడో లల్లీ అన్నడో. పాత క్యాసెట్టు గదా, ఇంతకు ముందు ఎవడో మాట్లాడుకున్నట్టున్నడు. పప్పు పొయ్యి, సూస్తవేంది?"

ఆండాళు పప్పు పోసింది. అతను తిని వెళ్ళాడు. పిల్లకు పాలిచ్చింది, అంట్లు తోమింది, సాయంత్రం వచ్చిన ఆరు క్యాసెట్లకు ఆరు పేర్లు రాసింది. ఏడుపు వస్తుందేమో అని ఎదురుచూసింది, రాలేదు. యాదలక్ష్మి కొత్తగా చప్పట్లు కొట్టడం నేర్చి, తల్లి ముఖంలోకి చూసి కొట్టింది. ఆండాళు కూడా కొట్టింది. అది ఇంకెవరి చేతులో చేస్తున్నట్టు ఉంది.

బర్సీకి ఎన్ని రోజులో లెక్క చూసుకుంది. తొమ్మిది.

మర్నాడు పిల్లను చంకనేసుకుని బస్సెక్కి గడియారం దగ్గర దిగింది. దుకాణం వైపు పోకుండా సోమన్న హోటలు ముందు, సైకిళ్ళ పక్కన నిలబడింది. లోపల పాట నడుస్తున్నది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. ఎండ నెత్తి మీదికి వచ్చింది. పాట ఆగింది. కొంచెం గరగర. తర్వాత ఆ గొంతు వచ్చింది.

"...హలో. హలో. లాడ్లీ, వినపడ్తుందా? ఆడికి వినపడ్తుందా? జర బయటికి పోయి నిలవడి చెప్పు. ఇంకొంచెం దూరం. ఆ. హలో. ఒకటి, రెండు, మూడు. ఇగ రా, చాయ్ తీస్కరా. చక్కెర రెండు చెంచాలు. దొంగతనం చెయ్యకు, నాకు తెలుస్తది..."

బల్లల మీద వాళ్ళు ఘొల్లుమన్నారు. "సోమన్నా, రెండు చెంచాలట, ఇన్నవా? నువ్వేసేది ఒకటే!" అని ఎవరో అరిచారు. గొంతు ఇంకాసేపు మాట్లాడింది. తర్వాత టక్కుమని టేపు ఆగింది.

నాలుగు నిమిషాలు. కొత్త పాటలు రెండో వైపు చివరిదాకా సరిపోలేదు. సరిపోనంత మేరకు అహ్మద్ అలీ మిగిలాడు.

సోమన్న బయటికి వచ్చాడు. "ఏమైంది చెల్లె, గిట్ల ఎండల నిలవడ్డవు? సిద్దన్న దుకాణం గాడున్నది గదా."

"ఆ క్యాసెట్టు నాకియ్యాలె అన్నా. వేరేది ఎక్కిచ్చి పంపిస్త."

"ఏ, గది మంచిగున్నది, ఉండనియ్యి. ఆయన అడిగినంకనే మావోళ్లు రెండో చాయ్ చెప్తున్నరు."

"అది నేను తప్పు రాసిన. సచ్చిపోయిన మనిషి గొంతన్నా అది. పానగల్లు మైకు అహ్మద్ అలీది."

సోమన్న లోపలికి పోయి క్యాసెట్టు తీసి, పంచెకు తుడిచి తెచ్చిచ్చాడు. లోపల నవ్వులు ఆగిపోయాయి. "మా చెల్లె పెండ్లికి ఆయనే పెట్టిండు మైకు" అన్నాడు ఒకాయన తనలో తను అనుకుంటున్నట్టు.

ఆ సాయంత్రం ఆండాళు భర్తకు అంతా చెప్పింది. గంజి ఊడింది, వాసన చూసింది, అడగడానికి నామోషీ పడింది. సిద్దయ్య పూడ్చిన మగ్గం గుంట దగ్గర కూర్చుని, ఆమె అంటించిన కాగితాలను ఒక్కొక్కటే గోటితో లేపి చూశాడు.

"మిషను నమిలిందని చెప్దాం" అన్నాడు చివరికి. "బాగు చేసేటప్పుడు తెగిపోయింది, నాలుగు నిమిషాలు దక్కినయని చెప్దాం. అబద్ధం గూడ గాదు, అంతకు ముందు నమిలిందే గదా."

"నేను పోయి నిజమే చెప్త."

"చెప్తె ఏమొస్తది? ఆమెకు దక్కేది అవే నాలుగు నిమిషాలు."

అబద్ధం చెబితే బేగం రేపు వచ్చి పిల్లను ఎత్తుకుంటుంది, ఎల్లుండి ఎత్తుకుంటుంది, ఎత్తుకున్నప్పుడల్లా తను గరిటె పట్టుకుని అలా నిలబడాలి. అది ఆండాళుకు తెలుసు. సిద్దయ్య మర్నాడు ఆ నాలుగు నిమిషాలను కొత్త క్యాసెట్టులోకి తీశాడు. ఒకసారి కాదు, రెండు వైపులా నిండేదాకా మళ్ళీ మళ్ళీ ఎక్కించాడు. ఎవరూ అడగకుండానే గమ్ సీసా కూడా తెచ్చాడు.

బేగం గడప మీద కూర్చుని గాజుల జతలు దారానికి గుచ్చుతున్నది. ఆండాళు నిలబడే చెప్పింది. మొదటి నుంచి చివరిదాకా, పాఠం అప్పజెప్పినట్టు. బేగం చేతులు ఆగలేదు. అంతా విన్నాక లేచి లోపలికి పోయి పెట్టె తెరిచింది. ధూపం వాసన క్యాసెట్టు తెచ్చి ఆండాళు చేతిలో పెట్టింది.

"ఎంత మిగిలిండు?"

"నాలుగు నిమిషాలు."

"ఏమంటుండు?"

"చాయ్ అడుగుతుండు."

"చక్కెర ముచ్చట ఉన్నదా?"

"ఉన్నది. దొంగతనం చెయ్యకు అంటుండు."

బేగం తల ఊపింది. ఆండాళు ఇచ్చిన కొత్త క్యాసెట్టును వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీని మీద ఏం రాసినవు?"

"అహ్మద్ అలీ అని."

"ఆయన రాసిన కాగితం ఏది? పచ్చ సిరాది."

ఆండాళు దాని గురించి ఆలోచించలేదు. గొంతు గురించే ఆలోచించింది, ఇన్ని రోజులూ. "కడిగేసిన" అంది.

బేగం ముఖంలో అప్పటిదాకా లేనిది ఏదో వచ్చింది. "అదేం రాసున్నదో సదివిపిచ్చుకుందామనుకున్న" అంది మెల్లగా. "బర్సీ దినం మా మరిది చోటే మియా వస్తడు, ఆయనకు ఉర్దూ వస్తది. అడుగుదామనుకున్న. మాటలు పోతె పోనీ బేటీ, అవి నేనిన్నవే. అది నేను సదవనిది."

యాదలక్ష్మి రెండు చేతులూ చాపి బేగం మీదికి దూకబోయింది. బేగం చెయ్యి కొంచెం లేచింది. మళ్ళీ గాజుల మీద పడింది. "పో బిడ్డా. ఎండైతాంది" అంది.

బర్సీ రోజు ఆండాళు దుకాణంలోని టేపు రికార్డరును తువ్వాలలో చుట్టి పంపించింది. సిద్దయ్య దాన్ని అలాగే తిరిగి తెచ్చాడు. తలుపు తాళం వేసి ఉంది. పక్కింటి పుష్పమ్మ చెప్పింది: చెల్లెలు తాహేరా దగ్గరికని కేతేపల్లి పోయింది, గాజుల బుట్ట కూడా తీసుకుపోయింది, ఎప్పుడొస్తుందో చెప్పలేదు. అహ్మద్ అలీ క్యాసెట్టు తీసుకుపోయిందా అని ఆండాళు అడిగించింది. పుష్పమ్మకు తెలియదు.

అప్పటి నుంచి పేర్లన్నీ గమ్‌తోనే అంటిస్తున్నది ఆండాళు. పాత కాగితాలను ఇప్పుడు పారెయ్యదు. ఆవిరి పట్టి మెల్లగా ఊడదీసి, ఒక నోటుపుస్తకంలో వరసగా అంటించి, పక్కన ఎవరిదో రాసి పెడుతుంది. ఉర్దూవి కూడా ఉన్నాయి. ఎవరూ అడగలేదు. బేగం పోయాక పిల్ల ఏడుపు పడితే ఎవరి చంకలోనూ ఆగడం లేదు. ఏడ్చి ఏడ్చి తనే ఆగుతుంది. ఆండాళు ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది.

కేతేపల్లి పోదామని రెండుసార్లు బస్టాండుదాకా వెళ్ళింది. బస్సు వచ్చింది, పోయింది.

మీలో ఎవరన్నా అటు పోయేది ఉంటే, కేతేపల్లిలో బస్సు దిగి గాజులమ్మే లాడ్లీ బేగం ఇల్లు ఎక్కడని అడగండి. చెల్లెలు తాహేరా పేరు చెబితే చూపిస్తారు. క్యాసెట్టు సంగతి ఎత్తకండి. ఆమె తింటున్నదా, ఒంట్లో బాగున్నదా, ఆమెకు ఎవరన్నా ఒక కప్పు చాయ్ పెట్టిస్తున్నారా, అంత మాత్రం ఒకసారి చూసి రండి.